ఊఁ కొట్టేవాళ్ల వాటా

పగటిపూట కిస్సా చెబితే ముసాఫిర్లు దారి తప్పుతారు. మా నానీమా కాయిదా అది. మధ్యాహ్నం ఎంత జిద్ చేసినా చెప్పేది కాదు. "ఎక్కడో ఎవడో బిచారా నడిచి పోతుంటాడు, మీ గురించి వాడు భటక్ కావాలా?" అనేది. ఇషా నమాజ్ అయ్యాక, సరోతాతో వక్కలు కత్తిరించుకుంటూ మొదలుపెట్టేది. అమీర్ హంజా, అమర్ అయ్యార్, వాడి జంబీల్. ఎన్ని సామాన్లు వేసినా నిండని సంచీ అది. మేం చేయాల్సిన పని ఒక్కటే, ఊఁ కొట్టడం. ఊఁ ఆగితే సరోతా ఆగేది. "సో గయే క్యా?" అని ఒకసారి అడిగేది. జవాబు రాకపోతే కిస్సా అక్కడికి బంద్.

ఒక రాత్రి హంజా గుర్రం చచ్చిపోయింది. మా చెల్లి ఎక్కిళ్లు పెట్టి ఏడ్చింది. మర్నాడు రాత్రి గుర్రం మామూలుగా గడ్డి మేస్తోంది. అదేమిటని నేను అడిగితే, "నువ్వు నిన్న సరిగా వినలేదు" అంది నానీమా.

దోస్తులారా, ఇది ఇప్పుడెందుకు యాదికొచ్చిందో చెబుతాను. నేనొక తిలిస్మీ నవల రాస్తున్నాను, తెలుగులో. పదకొండు బాబ్‌లు అయ్యాయి. ఎన్ని మిగిలాయో నాకే ఖబర్ లేదు. రాసిన బాబ్‌ను రాసినట్టే జుమ్మా రాత్రి ఓ ఇరవై మందికి పంపిస్తున్నాను. వాళ్లు ఫోన్లో చదువుతారు, ఐదారుగురు జవాబిస్తారు. నాతోపాటు డెస్కులో పనిచేసే దోస్తొకడు మొన్న చాయ్ దగ్గర పట్టుకున్నాడు. "పూర్తి కాకుండానే చూపించుడేంది? గోడలు లేవకుండానే గృహప్రవేశం చేస్తవా?" అన్నాడు. ఆ మాట నాకు గట్టిగానే తగిలింది. వెంటనే జవాబు తోచలేదు. రెండు వారాలు కితాబులు తిరగేశాక తోచింది. మా వంశం కిస్సాలో గోడలు ఎప్పుడూ పూర్తిగా లేవలేదు. జనం ముందు నుంచీ ఆ సగం గోడల మధ్యే కూర్చున్నారు.

దాస్తాన్ చాలా పాతది. అమీర్ హంజా కథ ఈరాన్ నుంచి ఫార్సీలో వచ్చింది. అక్బర్ బాద్షాకు దీని మీద జునూన్. దర్బార్ ఖాన్ అనే కిస్సాఖ్వాన్‌ను వెంట ఉంచుకున్నాడు. పదిహేనేళ్ల పాటు ముసవ్విర్లను కూర్చోబెట్టి సుమారు 1400 బొమ్మలు గీయించాడు. మన హైదరాబాద్‌కూ ఇందులో హిస్సా ఉంది. హాజీ కిస్సాఖ్వాన్ హమదానీ అనే ఈరానీ 1612లో ఇక్కడికి చేరాడు. చార్మినార్ లేచి అప్పటికి ఇరవై ఏళ్లే. ఇక్కడి కుతుబ్‌షాహీ దర్బారులోనే హంజా కథను "జుబ్దతుర్రుమూజ్" పేరుతో కితాబు చేశాడు. పాతబస్తీలో పుట్టినవాళ్లలో కూడా ఎంతమందికి ఆయన పేరు తెలుసో!

బాద్షాల సంగతి పక్కన పెడదాం. నాకు కావాల్సింది ఢిల్లీ జామా మస్జిద్ మెట్లు. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1847లో ఢిల్లీ ఇమారతుల మీద రాసిన "ఆసారుస్సనాదీద్"లో ఉత్తరం వైపు మెట్లను వర్ణిస్తాడు. సాయంత్రం పూట అక్కడ దాస్తాన్‌గో పీట వేసుకుని కూర్చుని హంజా కథ చెబుతాడు, ఇంకోవైపు హాతిమ్ తాయీ కిస్సా, మరోవైపు బోస్తానె ఖయాల్. కొన్ని మెట్ల మీద మూడు కథలు ఒకేసారి నడుస్తున్నాయి. ఒక కథ చప్పబడితే జనం లేచి రెండో కథ దగ్గరికి పోతారు. చెప్పేవాడికి ఇంతకంటే సఖ్త్ ఇమ్తెహాన్ ఏముంటుంది?

ఆ మూడో కథ, బోస్తానె ఖయాల్, పుట్టిన తీరే నా దోస్త్ సవాల్‌కు జవాబు. మీర్ తకీ ఖయాల్ అనే ఆయన అహ్మదాబాద్ నుంచి ఢిల్లీ వచ్చాడు. మొహమ్మద్ షా బాద్షా జమానా అది. ఒక చోట రోజూ హంజా దాస్తాన్ నడిచేది, ఈయన వెళ్లి వినేవాడు. అక్కడివాళ్లు ఈయనను హేళన చేశారని, ఆ రోషంతో సొంత కథ కట్టి అదే మెహ్‌ఫిల్‌లో వినిపించడం మొదలుపెట్టాడని చెబుతారు. విన్నవాళ్లకు పసందైంది, సంగతి బాద్షా చెవిన పడింది, రాస్తూ పొమ్మని హుకుం వచ్చింది. ఢిల్లీలో మొదలైన ఆ కథ ఆయనతోపాటు బెంగాల్ దాకా పోయి 15 ఫార్సీ జిల్దులయింది. మొదటి రాత్రి వినిపించేటప్పుడు ఆయన దగ్గర పదిహేను జిల్దుల నక్షా ఉందని నేను నమ్మను. ఆయన దగ్గర ఉన్నది రోషం, మరుసటి రాత్రి కూడా వచ్చి కూర్చునే జనం.

అక్కడి నుంచి లఖ్‌నవూ. అబ్దుల్ హలీమ్ షరర్ ఆ షహర్ గురించి రాస్తూ దాస్తాన్‌గోయీకి నాలుగు ఫన్నులు చెప్పాడు. రజ్మ్ అంటే యుద్ధం, బజ్మ్ అంటే మెహ్‌ఫిల్, హుస్న్-ఓ-ఇష్క్, అయ్యారీ. అఫీమ్ అలవాటున్నవాళ్లకు దాస్తాన్ అంటే ప్రాణమని కూడా రాశాడు. నిద్రా మెలకువా కాని ఆ స్థితిలో కథ ఎంత నెమ్మదిగా నడిస్తే అంత మజా. లఖ్‌నవూ ఉస్తాదులు అక్కడ ఐదో ఫన్ను ఒకటి పెంచారు. దాని పేరు "దాస్తాన్ రోక్నా", కథను ఆపి ఉంచడం. ఆపడమంటే నోరు మూసుకోవడం కాదు. నోరు నడుస్తూనే ఉండాలి, కథ మాత్రం ఒక్క అడుగు ముందుకు పడకూడదు. ఆషిక్, మాషూక్ ఎదురెదురుగా ఉన్నారు. మధ్యలో ఒక్క పర్దా. ఆ పర్దా లేవాలి. ఇంతలో వినే నవాబుగారికి ఊరెళ్లాల్సిన పని పడింది. ఆయన తిరిగొచ్చేసరికి వారానికి పైనే అయింది. ఉస్తాద్ రోజూ దాస్తాన్ చెబుతూనే ఉన్నాడు, పర్దా మాత్రం ఇంకా లేవలేదు. ఇలాంటి ముచ్చట్లు ఒకటికి రెండు కలిపి చెబుతారని నాకూ తెలుసు. అయినా ఇందులో ఒక సంగతి చూడండి. కథ ఎప్పుడు కదలాలో తేల్చింది చెప్పేవాడు కాదు, గైర్‌హాజరైన వినేవాడు.

ఇప్పుడు కొంచెం హిసాబ్. 1801లో కలకత్తా ఫోర్ట్ విలియం కాలేజీ కోసం ఖలీల్ అలీ ఖాన్ అష్క్ హంజా కథను ఉర్దూలో రాశాడు. ఒక్క కితాబు. అదే కథను లఖ్‌నవూలో నవల్ కిషోర్ ఛాపాఖానా 1880లలో వేయడం మొదలుపెట్టి ఇరవయ్యో శతాబ్దంలోకి వెళ్లేదాకా వేస్తూనే పోయింది. మొత్తం 46 జిల్దులు. ఒక్కోటి 900 పేజీలకు అటూ ఇటూ. ఈ మధ్య షమ్సుర్రహమాన్ ఫారూఖీ సాహెబ్ ఏళ్ల తరబడి వెతికి 46నూ ఒక్కచోట చేర్చేదాకా మొత్తం సెట్టును చూసినవాళ్లే అరుదు. ఒక కితాబు నలభై ఆరు ఎలా అయింది? మధ్యలో ఎనభై ఏళ్ల రాత్రులున్నాయి. జనం దేనికి వాహ్వా అన్నారో అది పెరిగింది. దేనికి ఆవులించారో అది రాలిపోయింది. ఆ 46లో తాజ్ లాంటిది "తిలిస్మె హోష్‌రుబా". అందులో అమీర్ హంజా దాదాపు మెహ్మాన్. కథంతా అమర్ అయ్యార్‌దీ, వాడి దోస్తులదీ, సాహిరాలదీ. గద్ద ముక్కు పెట్టుకుని, ఆడవేషం కట్టి, వంటవాడి వేషం కట్టి సాహిర్లను బోల్తా కొట్టించే బక్క మనిషి హీరో అయిపోయాడు. పరాక్రమవంతుడైన సర్దార్ ఇంట్లో కూర్చున్నాడు. ఈ మార్పు కలంతో వచ్చిందని నేననుకోను. జామా మస్జిద్ మెట్ల మీద, లఖ్‌నవూ చౌక్‌లో కూర్చున్న రోజు కూలీలూ సిపాయీలూ అమర్ పేరు రాగానే ముందుకు జరిగి ఉంటారు.

తిలిస్మ్ అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఒక సాహిర్ జాదూతో కట్టిన దునియా అది. అందులో సూర్యుడు వేరు, నదులు వేరు, కాయిదాలు వేరు. హోష్‌రుబాను ఏలేది అఫ్రాసియాబ్ జాదూ. దాన్ని ఛేదించే మనిషి పేరు ముందే రాసిపెట్టి ఉంటుంది, వాడి చేతికి లౌహ్ అనే పలక దొరకాలి. దాన్ని చూసుకుంటూ పోవాలి. ఈ గడప దాటేముందు ఏం చేయాలో పలక చెబుతుంది. ఆ తర్వాతి గడప సంగతి ఆ గడప దగ్గరే. నా నవల నాకు కూడా అలాగే కనిపిస్తోందని నా దోస్త్‌కు చెప్పాను. నవ్వాడు.

మెట్ల మీది కథ ఛాపాఖానాలోకి వచ్చేసరికి మామ్లా మారింది. మున్షీ నవల్ కిషోర్ 1858లో లఖ్‌నవూలో ప్రెస్ పెట్టాడు. గదర్ పొగ ఇంకా పూర్తిగా ఆరని రోజులు. ఖురాన్ షరీఫ్ అచ్చేశాడు, రామాయణం అచ్చేశాడు, దాస్తాన్‌గోలను పిలిచి జీతమిచ్చి రాయించాడు. మొహమ్మద్ హుసేన్ జాహ్ హోష్‌రుబా మొదటి జిల్దు 1883లో వచ్చింది. జాహ్ నాలుగు జిల్దులు రాశాడు. నాలుగోది వచ్చేసరికి 1890. జనం ఐదోదాని కోసం ఎదురు చూస్తున్నారు. అక్కడ జాహ్‌కూ ప్రెస్సుకూ చెడింది. ఆయన బయటికి నడిచాడు. ప్రెస్సు ఇంకో దాస్తాన్‌గోను, అహ్మద్ హుసేన్ కమర్‌ను కూర్చోబెట్టింది. ఐదో జిల్దు రెండు భాగాలుగా, ఆపైన ఆరు, ఏడు కమర్ రాశాడు. 1893కల్లా హోష్‌రుబా పూర్తి. జాహ్ తన ఐదో జిల్దును వేరే ప్రెస్‌లో మొదలుపెట్టి చూశాడు గానీ అది ముందుకు సాగలేదు.

ఒక ముసన్నిఫ్‌గా నాకు గుండె కలుక్కుమనే చోటు ఇది. నాలుగు వేల పేజీలు నడిపిన కథ, పాత్రలు నడి సముద్రంలో ఉండగా, ఇంకొకడి చేతికి పోయింది. పైగా కమర్ సాహెబ్ ఊరుకున్నాడా? తన జిల్దుల్లో సందు దొరికినప్పుడల్లా తన గొప్ప చెప్పుకున్నాడు, జాహ్‌ను తక్కువ చేశాడు. ఈ తిలిస్మ్ అసలు తన కల్పనే అనేదాకా వెళ్లాడు. తమాషా ఏమిటంటే అసలు హక్కుదారు ఇద్దరూ కాదు. ఇద్దరికంటే ముందు తరం ఉస్తాద్ మీర్ అహ్మద్ అలీ పేరు చెబుతారు. ఆయన నోట ఇది తయారై శాగిర్దుల నోళ్లలో తిరిగింది. ఇంకా తమాషా ఏమిటంటే, ఛాపాఖానా దీన్ని అక్బర్ దర్బారు ఫైజీ రాసిన ఫార్సీ కితాబుకు తర్జుమా అని చెప్పుకుంది. అలాంటి ఫార్సీ కితాబు లేదు. లఖ్‌నవూ గల్లీల్లో పుట్టిన బిడ్డకు ఇజ్జత్ కోసం మొగల్ తాతను తగిలించారు.

నోటి కథగా ఉన్నన్నాళ్లు "ఇది ఎవరిది" అనే ఝగడా ఈ స్థాయిలో లేదు. శాగిర్ద్ ఉస్తాద్ కథ చెబుతాడు, కొంచెం కలుపుతాడు, అందరికీ తెలుసు. ముఖపత్రం మీద పేరు పడగానే జాహ్ వేరు, కమర్ వేరు అయ్యారు. పేరుతోపాటు జీతమూ, అహంకారమూ వచ్చాయి. ఊఁ కొట్టేవాళ్లు ఖరీద్దార్లయ్యారు. జాహ్ కావాలని వాళ్లు అలిగారా? లేదు. కమర్ జిల్దులూ కొన్నారు, చదివారు. వాళ్లకు కావాల్సింది అఫ్రాసియాబ్ ఏమయ్యాడన్నది. నా దోస్త్ చెప్పిన గృహప్రవేశం మాటకంటే ఇదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

అదే నవల్ కిషోర్ అఖ్బారులో అంతకు కొంచెం ముందు ఇంకో వింత జరిగింది. పండిత్ రతన్‌నాథ్ సర్‌షార్, కశ్మీరీ బ్రాహ్మణుడు, 1878లో "అవధ్ అఖ్బార్" ఎడిటర్ అయ్యాడు. ఆ ఏడాది చివర నుంచి "ఫసానయె ఆజాద్" ధారావాహికగా మొదలుపెట్టాడు. జాదూ లేదు గానీ ఒళ్లంతా దాస్తానే. హుస్న్ ఆరా కోరిందని ఆజాద్ తుర్కీ వెళ్లి రూస్‌తో యుద్ధం చేస్తాడు. ఆ యుద్ధం అప్పుడే, 1878లోనే ముగిసింది. అఖ్బారు చదివేవాళ్ల నోట్లో ఆ ఖబర్లు ఇంకా నానుతున్నాయి. సర్‌షార్ లాపర్వా మనిషి. రాసింది తిరిగి చూసుకునే అలవాటు లేదు. పాత్ర ఒక చోట ఒకలా, ఇంకో చోట ఇంకోలా ఉంటుంది. ముందు కూర్చుని నక్షా గీసుకుని ఉంటే ఆజాద్ ఇంకా పొందికగా ఉండేవాడేమో. కానీ ఆ కథలోని ఖోజీ, ఆ పొట్టి అఫీమ్‌ఖోర్ డాంబికుడు, అంతగా పెరిగేవాడని నాకు నమ్మకం లేదు. పాఠకుల నవ్వు విన్న ఎడిటర్ మాత్రమే ఒక విదూషకుణ్ణి అన్ని వందల పేజీలు మోస్తాడు. సర్‌షార్ చివరికి మన హైదరాబాద్ వచ్చాడు. మహారాజా కిషన్ పర్షాద్ చేరదీశాడు. 1900 దాటిన రెండు మూడేళ్లకు ఇక్కడి మట్టిలోనే కలిశాడు.

బనారస్‌లో బాబూ దేవకీనందన్ ఖత్రీ ఈ తిలిస్మ్‌నూ అయ్యారీనీ హిందీలోకి మళ్లించాడు. "చంద్రకాంత" చదవడానికే చాలామంది నాగరి లిపి నేర్చుకున్నారని హిందీవాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. "భూత్‌నాథ్" నడుస్తుండగానే 1913లో ఆయన ఇంతెకాల్ అయింది. కొడుకు దుర్గాప్రసాద్ మిగతాది పూర్తి చేశాడు. జాహ్‌కు లేని నసీబ్ అది.

లిపి నేర్చుకున్న సంగతి చదివినప్పుడు నేను ఉలిక్కిపడ్డాను. ఎందుకంటే నేనూ ఆ బాపతే. ఉర్దూ మీడియం స్కూల్లో చదివినవాడు తెలుగులో డిగ్రీ ఎందుకు చేశాడని ఇప్పటికీ అడుగుతారు. సభల్లో నేను చెప్పే జవాబు వేరు. అసలు వజహ్ మా పక్కింటి టీచరమ్మ. ఆమె ఇంట్లో చందమామల నుంచి చింపి బైండు చేయించిన ఒక పుస్తకం ఉండేది, "రాకాసి లోయ". బ్రహ్మదండి మాంత్రికుడు, చిత్రా గీసిన బొమ్మలు. బొమ్మలు చూస్తూ ఎన్నాళ్లో గడిపాను. అక్షరాలు స్కూల్లో సెకండ్ లాంగ్వేజీగా అరకొరగా వచ్చేవి, వత్తు కనబడితే ఆగిపోయేవాణ్ణి. టీచరమ్మ చదివి వినిపించేది కాదు. "నేర్చుకో, చదువుకో" అనేది. నేర్చుకున్నాను. ప్రతి భాగం చివర ఎవడో ఒకడు కొండచరియ మీద వేలాడుతుంటాడు, కింద "ఇంకా ఉంది". కథ రాసినాయన పేరు ఎక్కడా లేదు. దాసరి సుబ్రహ్మణ్యం అనే పేరు పెద్దయ్యాక తెలిసింది. 1954లో "తోకచుక్క"తో మొదలుపెట్టి దశాబ్దాల పాటు నెలనెలా తెలుగు పిల్లల ఊపిరి బిగబట్టించిన మనిషి, పత్రికలో పేరు లేకుండా. జాహ్, కమర్‌లు ముఖపత్రం మీద కొట్టుకున్న పేరు ఈయనకు అసలు లేనే లేదు. 2010లో పోయేనాటికి మాత్రం అభిమానులు ఆయనను వెతికి పట్టుకున్నారు.

ఆ బైండు పుస్తకంలో చివరి భాగాలు లేవు. ఎవరో తీసుకెళ్లి తిరిగివ్వలేదట. నేను రాత్రుళ్లు చెల్లికీ ఖాలా పిల్లలకూ రాకాసి లోయను దక్కనీలో చెబుతున్నాను అప్పటికే. ఆగే వీలు లేదు. "ఫిర్ క్యా హువా భాయీజాన్?" సగం కథ నానీమా హంజాలోంచి దొంగిలించి అతికించాను. బ్రహ్మదండి మీదికి అమర్ అయ్యార్‌ను వదిలాను. నలభై రోజులకు పైగా లాగాను. నేను జీవితంలో చేసిన మొదటి నవల అది. మర్నాడు ఏమవుతుందో ఏ రాత్రీ నాకు తెలియలేదు. ఎవరి ఊఁ సన్నబడుతోందో చీకట్లో తెలిసేది. వెంటనే ఒక పులిని దూకించేవాణ్ణి.

చాలా ఏళ్ల తర్వాత అసలు ముగింపు చదివాను. నాదానికంటే పొందికగా ఉంది. మా చెల్లి మాత్రం అది గలత్ అంటుంది.

ఇప్పుడు నా ఇరవై మందిలో టీచరమ్మ కూడా ఉంది. ఎనభై దాటాయి, కళ్లు సరిగా ఆనవు. మనవడు చదివి వినిపిస్తాడు. ఎనిమిదో బాబ్‌లో ఒక ముసలి అయ్యారాను చంపుదామనుకుని ముందే సూచన వేశాను. ముగ్గురు ఒకే రోజు ఫోన్ చేసి తిట్టారు. చంపలేదు. పదో బాబ్‌లో యుద్ధం నాకు చాలా నచ్చింది, ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆ ఖామోషీ కూడా లెక్కలోకి తీసుకున్నాను. అయితే అందరి మాటా వినను. ప్రేమకథ పెట్టమని ఒకాయన వారం వారం అడుగుతున్నాడు. అడుగుతూ ఉండమని చెప్పాను.

గత జుమ్మా పదకొండోది పంపాను. సనీచర్ పొద్దున్నే టీచరమ్మ ఫోన్.

"బాబూ, ఆ రాతి దర్వాజా ఉంది చూడు, నాలుగో దాంట్లో అది లోపలికి తెరుచుకుంది. ఇప్పుడు బయటికి తెరుచుకుందంటున్నావు. ఏది నిజం?"

"జాదూ దర్వాజా కదా టీచరమ్మా, ఎటైనా తెరుచుకుంటుంది."

"అట్ల తప్పించుకోకు. లోపలికి తెరుచుకుంటే వాడు దాని వెనక దాక్కోలేడు. వాడు దాక్కోకపోతే నువ్వు రాసిందంతా పోయె."

పాతది తీసి చూశాను. లోపలికే తెరుచుకుంది. పన్నెండో బాబ్ పక్కనపెట్టి, రెండు రోజులుగా ఆ మనిషిని ఎక్కడ దాచాలా అని చూస్తున్నాను.